ఒక ఊపిరికి ఒక బెలూన్

పలక గోడకు తగిలి రెండు ముక్కలయ్యాక ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వదిన ఎలాగూ మాట్లాడకూడదు. మాట్లాడగలిగిన మిగతా ముగ్గురికీ ఒక్కసారే నోట మాట రాకపోవడమే విడ్డూరం.

పెద్ద ముక్క వచ్చి చిన్నా కాళ్ళ దగ్గర పడింది. దాని మీద వదిన సుద్దముక్కతో రాసిన మాట చెక్కుచెదరకుండా ఉంది.

"రాను."

విసిరింది వదిన కాదు, అన్నయ్య. పెన్ను మూత పోతేనే నాలుగు రోజులు బెంగపెట్టుకునే మనిషి ఒక వస్తువు విసరడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. విసిరాక తనే ఎక్కువ బెదిరిపోయి, కుర్చీలో కూలబడి, చేతుల వంక చూసుకుంటున్నాడు.

"పలకేం చేసిందిరా నిన్ను?" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి. "అదీ లేకపోతే పిల్ల దేంతో మాట్లాడుతుంది? కళ్ళతోనా?"

"రానంటోందమ్మా! ఆస్పత్రిలో మంచం సిద్ధం చేశారు. మధ్యాహ్నంలోగా వచ్చి చేరమన్నారు. రేపు పొద్దున్నే ఆపరేషన్. తీరా కారు వచ్చే వేళకి కూర్చుని రాను అని రాస్తోంది, అదేదో సినిమాకి పిలిచినట్టు!"

"అరవకు. అరిస్తే జవాబు అరుపుతోనే రావాలి. దానికి ఆ వీలు లేదుగా."

వదిన నవ్వింది. శబ్దం లేని నవ్వు. మెడ చుట్టూ కట్టుకున్న మెత్తటి గుడ్డను సర్దుకుని, వంగి, పలక చిన్న ముక్కను ఏరుకుంది. దాని మీద రెండు మాటలకు మించి పట్టవు. రెండే రాసి అన్నయ్య ముఖం ముందు పెట్టింది.

"కథ అయ్యాక."

గొంతులో కండ పెరిగిందని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఇదే పాట. కోసేస్తే గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా వేరే గొంతు కావచ్చు. వదిలేస్తే మాత్రం ఊపిరికే అడ్డం పడుతుందని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. అప్పటిదాకా ఒక్క మాట కూడా పైకి అనకూడదన్నాడు. వదిన బుద్ధిగా తల ఊపి, ఇంటికి వచ్చి, కథ అయ్యేదాకా కదలనని భీష్మించుకుంది.

కథ అంటే మేడావిడ కథ.

"మూసిన మేడ" టీవీలో వచ్చినన్నాళ్ళూ ఆ వేళకు వీధులు బోసిపోయేవి. ఒక పాత మేడ, దాన్నిండా గదులు, గదికొకరు చొప్పున చనిపోయిన మనుషులు. తాము చనిపోయామని వాళ్ళకు తెలియదు. ఒకాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూనే ఉంటాడు. ఒకామె పొయ్యి మీది పాలు పొంగిపోతాయని కాపలా కాస్తూనే ఉంటుంది. మేడావిడ ఒక్కో తలుపూ తట్టి, లోపల కూర్చుని, వాళ్ళు చెప్పేదంతా విని, ఆఖరున "నేనున్నాను, పదండి" అని చెయ్యి పట్టుకుని పెరటి తలుపు దాకా తీసుకెళ్ళేది. తలుపు అవతల ఏముందో ఏనాడూ చూపించలేదు. తను మాత్రం ఆ గడప ఏనాడూ దాటలేదు.

తెర మీద మేడావిడగా కనిపించిన నటికి మన భాష ఒక్క ముక్క రాదు. ఆ గొంతు వదినది. కూరగాయల కొట్టు దగ్గర వదిన ధర అడిగితే పక్కనున్న వాళ్ళు ఉలిక్కిపడి చేతిలో సంచీ జారవిడిచిన సందర్భాలున్నాయి. ఒకసారి ఆ నటి డబ్బింగ్ గదికి వచ్చి, అద్దం వెనక నిలబడి, తన పెదవుల మీద వదిన మాటలు కూర్చోవడం చూసి, అర్థం కాని భాషకు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయిందట.

తర్వాత ఛానెల్ మూతపడింది. చివరిరోజు మేడావిడ పెరటి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, నోరు తెరిచింది. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. ఆవిడ ఏం చెప్పబోయిందో వదిన ముందున్న కాగితంలో కూడా లేదు.

సీరియల్‌కు మాటలు రాసిన అన్నయ్య ఊరుకోలేకపోయాడు. ముప్ఫై దాటినా ఇంట్లో ఇంకా చిన్నాగానే చలామణి అవుతున్న తమ్ముడి చేత బొమ్మలు వేయించి, ఒక వారపత్రికలో కథను ఆ తలుపు దగ్గరి నుంచే ఎత్తుకున్నాడు. మేడ వెనక ఇంకో మేడ ఉందన్నాడు. ఇంకొన్ని గదులున్నాయన్నాడు. ఇప్పుడు ఆ గదులూ ఖాళీ అయ్యాయి. మేడావిడ మళ్ళీ అదే తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. గొళ్ళెం మీద చెయ్యి, వెనక్కి తిరిగిన ముఖం, తెరిచిన నోరు. చిన్నా ఆ ఆఖరి పేజీ వేసేసి బల్ల మీద పెట్టుకున్నాడు. బొమ్మంతా ఉంది, మాటే లేదు.

"కథ అయిపోయింది తల్లీ!" అన్నాడు అన్నయ్య జేబులోంచి మడత కాగితం తీస్తూ. "పొద్దున్న నువ్వు లేవకముందే రాసేశాను. ఇదిగో. చిన్నా, తీసుకుని రాసెయ్ బొమ్మలో. పది నిమిషాల పని. కారు వచ్చేలోగా అయిపోతుంది."

వదిన కాగితం అందుకుంది. చిన్నా ఆమె భుజం మీదుగా చదివాడు.

"నా పని పూర్తయింది. ఇక సెలవు. వెళ్తున్నాను."

చదివి వదిన కాగితాన్ని మళ్ళీ అదే మడతల్లో మడిచింది. ఎంతో మర్యాదగా అన్నయ్య జేబులోనే తిరిగి పెట్టేసింది. తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు కాదు? ఏం తక్కువైంది అందులో?"

వదిన మేడావిడ బొమ్మను చూపించింది. తర్వాత తన నోటిని చూపించి, చెయ్యి అడ్డంగా ఆడించింది.

"ఆవిడ నోటికి అది పట్టదంటోంది," అన్నాడు చిన్నా.

"నాకు తెలుసులేరా, నువ్వు తర్జుమా చెయ్యనక్కర్లేదు! ఆవిడ నోరు, ఆవిడ నోరు! ఆవిడ కాగితమ్మీద బొమ్మ. నువ్వు మనిషివి. ఆ బొమ్మ నోట్లో ఏ మాట పెడితే మాత్రం ఏమవుతుంది? ఎవరు చచ్చిపోతారు?"

అనేశాక ఆ ఆఖరి మాట అతని చెవికే వినపడినట్టుంది.

వదిన సుద్దముక్కను బల్ల మీద పెట్టి, అది దొర్లిపోకుండా వేలితో ఆపింది.

అన్నయ్య తప్పు రాశాడని చిన్నాకూ తెలుసు. భార్యను బతికించుకోవడానికి కథను ఒక పూటలో ముంచేస్తున్నాడు. రాసిన మాటలో ఏం తప్పుందో మాత్రం చిన్నాకు తెలియదు.

"అసలు ఇది ఎప్పట్నుంచి ఉందే తల్లీ నీకు?" అంది అమ్మ దగ్గరకు వచ్చి. "మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా?"

వదిన కిటికీ వైపు చూసింది.

"పోయిన నెల జలుబు చేసింది చూడు, అప్పట్నుంచే," అన్నాడు అన్నయ్య. "అంతకు ముందు గంట కొట్టినట్టుండేది గొంతు. కావాలంటే వీణ్ణడుగు. వారం వారం పక్కన కూర్చుని గీసేవాడు వీడేగా."

"అంతేనమ్మా," అన్నాడు చిన్నా. అన్నాడే గానీ, వదిన తన వైపు చూడకపోవడం అతనికి నచ్చలేదు.

పక్కన కూర్చుని గీయడం అంటే ఆ ఇంటి పద్ధతి. బొమ్మల కథలో మాట చుట్టూ గీసే గుండ్రటి గీతను అన్నదమ్ములు బెలూన్ అంటారు, అమ్మ బుడగ అంటుంది; మాట్లాడే మనిషి వైపు చూపే దాని కొసను తోక అంటారు. ఇంకెక్కడైనా ముందు మాటలు రాసుకుని వాటి చుట్టూ గీత చుడతారు. ఇక్కడ అలా కాదు. వదిన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని మేడావిడ మాటను పైకి చదవాలి. ఆమె నోరు తెరవగానే చిన్నా కలం కదిలేది. వేగం ఎప్పుడూ ఒకటే. ఆమె ఊపిరి కోసం ఆగిన చోట గీత తిరిగొచ్చి మొదలుతో కలిసిపోయేది. ఒక ఊపిరికి ఒక బెలూన్. అందులో పట్టిన మాటలు మేడావిడవి, పట్టనివి అన్నయ్యవి. పట్టని మాటల కోసం అన్నయ్య మొదట్లో గింజుకున్నాడు గానీ, తర్వాత తర్వాత కిమ్మనకుండా కొట్టేసుకునేవాడు.

పైకి అనని మాటకు గీత గీయకూడదు. అందుకే వదిన నోటికి తాళం పడ్డ రోజు నుంచీ ఆఖరి పేజీ అలా పడి ఉంది.

"పాత సంచికలున్నాయి కదరా మంచం కింద, తియ్యి ఒకసారి," అంది అమ్మ. ఇంట్లో గొడవ ముదిరినప్పుడు ఏదో ఒకటి సర్దడం ఆమెకు అలవాటు. "దుమ్ము కొట్టుకుపోతున్నాయి."

చిన్నా కట్టలు విప్పి మొదటి సంచిక నుంచి వరసగా నేల మీద పరిచాడు. వరస వీధి గుమ్మం దగ్గర మొదలై, అన్నయ్య కుర్చీ చుట్టూ తిరిగి, వంటింటి గడప దగ్గర ఆగింది. అమ్మ కళ్ళజోడు వంటింట్లోనే వదిలేసి వచ్చింది. అది లేకుండా ఆమెకు అక్షరాలు ఆనవు. బొమ్మలూ బుడగలూ మాత్రమే కనిపిస్తాయి. ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, వెనక్కి తిరిగి, మళ్ళీ చూసింది.

"ఒరే, ఇదేమిట్రా?"

"ఏది?"

"ఈ బుడగలు. ఇటొచ్చేకొద్దీ చిక్కిపోయాయేం?"

చిన్నా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

మొదటి సంచికల్లో మేడావిడ బెలూన్లు నిండు పున్నమిలా ఉన్నాయి. ఒక్కొక్కటీ బొమ్మలో సగం చోటు ఆక్రమించుకుని, మేడ కప్పును తాకుతూ, గది నిండా పరుచుకుని ఉంది. కొంచెం ఇటు వస్తే అరచేతిలో పట్టేంత అయ్యాయి. ఇంకా ఇటు వస్తే నిమ్మకాయంత. వంటింటి గడప దగ్గరి సంచికల్లో బఠానీ గింజల్లా ఒక్కో మాట పట్టుకుని వేలాడుతున్నాయి.

గీసింది చిన్నానే. ప్రతి గీతా తన చేతిదే. వారానికొక పేజీ వేసుకుంటూ పోయాడు గానీ, అన్నింటినీ ఒక్క చోట పరిచి చూసుకోలేదు.

"వదినా," అన్నాడు. "జలుబు కాదు కదా?"

వదిన తల దించుకుంది.

అన్నయ్య కుర్చీలోంచి లేచి సంచికల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక దాన్ని తీసి, ఇంకోదాని పక్కన పెట్టి, మళ్ళీ తీసి, చూస్తూ ఉండిపోయాడు. "మేడావిడ మాటలు పొదుపయ్యేకొద్దీ ఒళ్ళు జలదరిస్తోంది" అని పాఠకులు రాసిన ఉత్తరాలు అతను అందరికీ చదివి వినిపించాడు. రచనలో మాటల పొదుపు గురించి ఒక సభలో అరగంట ఉపన్యాసం ఇచ్చి శాలువా కూడా కప్పించుకుని వచ్చాడు. ఆ సభలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది వదినే.

"నా శైలి అనుకున్నాను," అన్నాడు అన్నయ్య. "నీకు ఊపిరాడట్లేదు. నేనేమో అది నా శైలి అనుకున్నాను."

వదిన వచ్చి అతని తల మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే ఏడ్చేస్తానని భయపడ్డట్టున్నాడు. ఆమె కాసేపు నిలబడి, ఇంటి వెనక బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

చిన్నా మొదటి సంచికలోని పెద్ద బెలూన్ చుట్టూ వేలు తిప్పాడు. గీసినప్పటి వేగంతోనే తిప్పాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు. వేలు సగం తిరిగేసరికి చెవిలో వదిన గొంతు పలికింది. గుర్తు రావడం కాదది. పక్క స్టూలు మీద కూర్చుని చదువుతున్నట్టే, ఆ నిదానం, ఆ లోతు, "పదండి" అనే ముందు వచ్చే ఆ చిన్న ఆగడం, అన్నీ అలాగే పలికాయి. వేలు తిరిగొచ్చి మొదటి చోటును తాకగానే గొంతు ఆగింది.

ఇన్నాళ్ళూ తను గీసింది మాటల చుట్టూ గీతలు కాదు. వదిన ఊపిరిని ఒక్కొక్కటిగా కాగితం మీద పట్టి ఉంచాడు. అది తలుచుకుంటే తన చేతిని చూసుకోవడానికే అతనికి భయమేసింది.

"నువ్వెళ్ళరా," అన్నాడు అన్నయ్య నేల మీంచే. "నా మాట వినదు. వినమనడానికి నాకు మొహం కూడా లేదు."

చిన్నా ఆఖరి పేజీనీ, నీలం పెన్సిలునూ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. నీలం పెన్సిలుతో వేసిన గీత అచ్చులో పడదు. అందుకే ముందు దానితో చిత్తుగా వేసుకుని, పైన నల్ల సిరా దిద్దుతాడు. పేజీ అంచుల్లో దానితో ఏం రాసుకున్నా లోకానికి కనపడదు.

ఆరేసిన దుప్పట్ల మధ్య వదిన పిట్టగోడకు ఆనుకుని నిలబడింది.

"పలక విరిగింది కదా," అన్నాడు చిన్నా పెన్సిలు ఇస్తూ. "దీని మీద రాయి. ఎవరికీ కనపడదులే."

ఆమె పేజీని గోడ మీద పరిచి, అంచులో రాసింది. "ఆ మాట తప్పు."

"తెలుసు. అన్నయ్య తొందరలో రాశాడు."

"తొందర కాదు. భయం."

"భయం ఉండదా వదినా? నువ్వు ఇక్కడ మొండికేసి కూర్చుంటే వాడికే కాదు, నాకూ భయమే. చెప్పు, ఏ మాటైతే ఒప్పు? నువ్వు రాసెయ్యి, నేను గీసేస్తా, పద్ధతి గిద్ధతి పక్కన పెడదాం. తర్వాత ఆస్పత్రికి పోదాం."

ఆమె చాలాసేపు మేడావిడ ముఖం చూస్తూ ఉండిపోయింది. అంతకాలం ఆ ముఖంలోంచి మాట్లాడిన మనిషి ఇప్పుడు దాన్ని బయట నిలబడి చూస్తోంది. తర్వాత అంచు పొడుగునా నెమ్మదిగా రాసింది.

"వెళ్ళడానికి ఆవిడకి భయం. అందుకే ఇన్నాళ్ళూ వెళ్ళలేదు."

"మేడావిడకా? భయమా?"

"అందరికీ నేనున్నాను అంది. ఆవిడకి ఎవరన్నారు?"

చిన్నా ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు. ఇన్ని గదులు, ఇంతమంది మనుషులు, ప్రతి వాళ్ళ పక్కనా మేడావిడను గీశాడు. మేడావిడ పక్కన ఎవరినీ గీయలేదు. అన్నయ్యా ఎవరినీ రాయలేదు. చూసిన వాళ్ళెవరూ అడగలేదు. అందరికీ ధైర్యం చెప్పి దాటించే మనిషికి ఒక మనిషి కావాలని ఎవరికీ తట్టలేదు.

"నీకూ భయమేనా వదినా?"

పెన్సిలు కాగితానికి ఆనింది గానీ కదల్లేదు. ఆనిన చోట నీలం చుక్క లావెక్కింది. తర్వాత అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

"గొంతు లేకపోతే నేనెవర్ని?"

నీకేం కాదు అనడం తేలికే. ఆ మాట ఆమెకు వారం రోజులుగా అందరూ చెబుతూనే ఉన్నారు. చిన్నా కళ్ళు తుడుచుకుని, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక, బొమ్మ మీద పెట్టాడు.

గొళ్ళెం మీద చెయ్యి. వెనక్కి తిరిగిన ముఖం. కొంచెం తెరుచుకున్న పెదవులు. టీవీ బొమ్మ చూసి గీసినప్పుడు చెప్పబోతోందనే గీశాడు. లోకమంతా అలాగే అనుకుంది. ఇప్పుడు చూస్తుంటే కనుబొమ్మలు అలా లేవు. మెడ వంపు అలా లేదు. చెప్పబోయే మనిషి అలా నిలబడదు.

"వదినా," అన్నాడు మెల్లగా. "ఆవిడ చెప్పడానికి ఆగలేదు. వినడానికి ఆగింది."

వదిన తల తిప్పి అతన్ని చూసింది. ఆమె కళ్ళు అంత పెద్దవి కావడం చిన్నా ఎన్నడూ చూడలేదు. దుప్పట్లు గాలికి లేచి పడ్డాయి.

చిన్నా లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక, అన్నయ్య పేజీ అంచులో నీలం రాతలన్నీ చదివాడు. ఆఖరి ప్రశ్న దగ్గర కళ్ళు మూసుకున్నాడు. జేబులో కాగితం తీసి, నలిపి, బుట్టలో వేశాడు. వదిన వచ్చి స్టూలు మీద, తన చోట్లో కూర్చుంది.

"అయితే బెలూన్ ఆవిడది కాదన్నమాట," అన్నాడు అన్నయ్య. "మరెవరిది? మేడలో ఇంకెవరూ లేరే. అందర్నీ పంపించేశాంగా."

"మేడలో లేరు. ఆవిడ చూస్తున్నది ఎటో చూడు."

మేడావిడ చూపు సూటిగా పేజీలోంచి బయటకు, వాళ్ళ వైపే ఉంది.

"ఇటువైపు వాళ్ళది," అన్నాడు చిన్నా. "బెలూన్ తోక బొమ్మ బయట నుంచి లోపలికి రావాలి. చదివేవాళ్ళ దగ్గర్నుంచి."

మాటలు రాసి బతికే అన్నయ్య, ఒక్క మాట లేకుండా ఆ పేజీకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"కానీ ఎవరో ఒకరు పైకి అనాలి," అన్నాడు చిన్నా కలం తీసి సిరాలో ముంచుతూ. "పద్ధతి పద్ధతే. నువ్వు అను."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. వదిన వంక చూశాడు. "నేను..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. చిన్నా కలం అంగుళం కూడా కదలకుండా కాగితం మీద నిలబడింది.

"జరగండిరా," అంది అమ్మ.

వంటింట్లోంచి కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ బల్ల మీదికి వంగి, మేడావిడను ముఖాముఖీ చూసింది. సీరియల్ వచ్చే రోజుల్లో అమ్మకు టీవీతో మాట్లాడే అలవాటుండేది. మేడావిడ ఏదైనా అడిగితే ఈవిడ కుర్చీలోంచి జవాబు చెప్పేది. కొడుకులిద్దరూ వేళాకోళం చేసేవాళ్ళు.

"ఏమిటమ్మా అలా నిలబడిపోయావు," అంది అమ్మ.

చిన్నా కలం కదిలింది.

"ఇంతమందిని దాటించావు, మా ఆయన్ని కూడా నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళుంటావని నేననుకున్నాను, నవ్వితే నవ్వనీ వీళ్ళని, అలా అనుకున్నాకే నాకు నిద్ర పట్టింది, మరి నీ వంతు వచ్చేసరికి భయమేసిందా, వెయ్యదూ, నీ గొంతొక్కటేనా నువ్వు, నీ చెయ్యి నాకు తెలుసు, నీ అడుగు చప్పుడు తెలుసు, నువ్వు వచ్చి పక్కన నిలబడితే చూడకుండా చెప్తాను నువ్వేనని, ఏ గొంతుతో వచ్చినా అసలు గొంతే లేకుండా వచ్చినా ఇటు తలుపు నేనే తీస్తాను, నేనున్నాను, పద."

అంత పొడుగు ఊపిరి ఆ వయసులో అమ్మకు ఎక్కడి నుంచి వచ్చిందో. చిన్నా గీత బొమ్మ పైభాగమంతా చుట్టుకుని, మేడ కప్పు దాటి, గోడల మీదుగా దిగి, పెరటి తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మొదటి సంచికల్లోని పున్నమి బెలూన్లు కూడా దాని ముందు చిన్నబోతాయి. మేడావిడ మొత్తం అందులో ఉంది, తలుపుతో సహా.

గీత కలిశాక చిన్నా తల ఎత్తాడు. అమ్మ పేజీ వైపు చూడటం లేదు. ఎప్పటి నుంచి చూడటం లేదో తెలియదు. ఆమె చెయ్యి వదిన మణికట్టును పట్టుకుని ఉంది. వదిన రెండు బుగ్గల మీదా నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"లోపల రాయడానికి ఏ మాటలు తీసుకోను?" అన్నాడు అన్నయ్య చిన్నగా, అడగకూడనిది అడుగుతున్నట్టు.

"ఏమీ వద్దు," అన్నాడు చిన్నా. "ఖాళీగానే వెళ్ళనీ. ఎవరికి కావల్సిన గొంతు వాళ్ళకు వినపడుతుంది."

అన్నయ్య తలాడించాడు. ఒక బెలూన్‌లో తన మాట ఒక్కటీ లేకపోవడం అదే మొదటిసారి, అయినా అతను గింజుకోలేదు.

కింద కారు హారన్ మోగింది.

వదిన లేచింది. ఎవరూ రమ్మనలేదు. చెప్పులు వేసుకుంది. అమ్మ సర్దిన సంచీ అన్నయ్య భుజానికెత్తుకున్నాడు. నేల మీద పరిచిన సంచికలను తొక్కకుండా, చిన్న బెలూన్ల వైపు నుంచి పెద్ద బెలూన్ల వైపు, వీధి గుమ్మం దాకా ఆమె ముందు నడిచింది.

తలుపు దగ్గర ఆగింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

వెనక్కి తిరిగింది.

అదే మెడ వంపు. అవే కనుబొమ్మలు. పెదవులు కొంచెంగా తెరుచుకున్నాయి. కానీ ఈ నిలబడటం వినడానికి కాదు. ఛాతీ నిండుతోంది. ఊపిరి తీసుకుంటోంది.

"వద్దు," అన్నాడు అన్నయ్య కంగారుగా చెయ్యి అడ్డం పెట్టబోతూ. "నువ్వు మాట్లాడకూడదన్నారు, డాక్టరు..."

అమ్మ అతని చేతిని పట్టుకుని కిందికి దించింది. "ఉండరా. దాని గొంతు, దాని ఇష్టం."

బల్ల దగ్గర చిన్నా చెయ్యి, అతనికి తెలియకుండానే, తెల్ల కాగితం ముందుకు లాక్కుని కలం అందుకుంది.